ధ్యాస లేదని పక్కన పెట్టిన అరవై ఒక్క పూటలు

మార్చి ఆరో తేదీ గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక కార్యాలయంలో పాపక్క కుడిచేతిని ఆమె దగ్గర నుంచి తీసుకున్నారు. తీసుకున్నట్టు రసీదు రాశారు. రసీదు కింద పాపక్క సంతకం చేసింది. ఆ సంతకం చేసింది ఆ చేతితోనే. సిరా ఆరాక చేతిని విప్పి, స్పాంజి పరిచిన నల్లపెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, పైన ఒక అంకె అంటించారు.

తీసుకున్న సంస్థ పేరు సంకేత న్యూరో సిస్టమ్స్. తీసుకున్నది బ్యాటరీతో నడిచే కృత్రిమ హస్తం. అది సంస్థ ఆస్తి అన్నది నిజం, పాపక్క ఒప్పుకున్నదన్నదీ నిజం. కానీ ఆ చేయి పని చేయడం ఎలా నేర్చుకుందో, ఎవరి దగ్గర నేర్చుకుందో రసీదులో లేదు. దాన్నే ఇక్కడ రాయడం జరుగుతోంది.

పాపక్కకు నలభై రెండేళ్లు. కాడుగోడిలో పుట్టింది. తాతల కాలంలో మాలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఏడో తరగతి దాకా కన్నడం. ఇంటిపని పూలు కట్టడం. కాడుగోడి సంతలో వాళ్ల నాన్న కూర్చున్న చోటనే ఇప్పుడు అన్న ఆదినారాయణప్ప కూర్చుంటాడు. నడక వచ్చిన ఏడాదికే పాపక్క చేతికి దారం వచ్చింది. ఆ ఇంట్లో పిల్లలు అంకెలకంటే ముందు మూరలు నేర్చుకుంటారు.

పూల సంపాదన చాలక ఆమె హెబ్బగోడిలో గది తీసుకుని, అక్కడొక విడిభాగాల షెడ్డులో ప్రెస్ మీద తొమ్మిదేళ్లు పనిచేసింది. ప్రెస్ అంటే కాలితో తొక్కితే పైనుంచి ఉక్కుదిమ్మ దిగి రేకును ఒత్తే యంత్రం. కాలు తీసిన తరవాత కూడా దిమ్మ ఒక రెప్పపాటు దిగుతుంది, అప్పుడు ఆగుతుంది. ఆ రెప్పపాటు ఎంతో ప్రతి ఆపరేటరుకూ ఒంటికి తెలుసు. బ్రేకు అరిగేకొద్దీ రెప్పపాటు పెరిగింది. పాపక్క సూపర్‌వైజరుతో చెప్పింది.

"కాలు తీసినా దిగతానే ఉండాది సార్. మాట లేటుగా వింటాండాది."

"నీకు నిద్ర తక్కువైంది, అంతే" అన్నాడతను. వేళ్లకు అడ్డంగా ఉండాల్సిన కంచెను పని త్వరగా సాగడానికి అప్పటికే తీగతో వెనక్కి కట్టేసి ఉంచారు. రెండువేల పద్దెనిమిది జులైలో ఒక మధ్యాహ్నం యంత్రం మాట మరీ ఆలస్యంగా విన్నది. మోచేతి కింద ఆరంగుళాల ముంజేయి మిగిలింది. ప్రమాద నివేదికలో కారణం అన్న గడిలో రాసిన వాక్యం ఇది: ఆపరేటరు ధ్యాస పెట్టలేదు.

ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇది మళ్లీ వస్తుంది.

నాలుగున్నరేళ్ల తరవాత, రెండువేల ఇరవై మూడు జనవరిలో, సంకేత సంస్థ చేయి పోయినవారి కోసం వెతుకుతూ కాడుగోడి దాకా వచ్చింది. పాపక్కకు పన్నెండు పేజీల ఇంగ్లీషు పత్రం ఇచ్చారు. ఎడమచేత్తో సంతకం ఇంకా కుదరకపోవడంతో ఎడమ బొటనవేలి ముద్ర తీసుకున్నారు. ఏం రాసి ఉందని ఆమె అడిగింది. "ఏమీ కాదమ్మా, మామూలు రూల్స్" అన్నారు. ఆ మామూలు రూల్స్‌లో తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది: అధ్యయనం ముగిశాక పరికరాన్ని తిరిగి అప్పగించాలి.

అక్కడ ఆమెతో పనిచేసినవాళ్లు ఇద్దరు ఇంజనీర్లు. సమీనాది కర్నూలు. నరాల సంకేతాలను చదివే పని ఆమెది. ఆ పని చేసే ప్రోగ్రామును డీకోడర్ అంటారు. గిరిధర్‌ది ఏలూరు. చదివిన సంకేతంతో చేతిని కదిలించే పని అతనిది. వాళ్ల తప్పుల గురించి కింద రాయాల్సి ఉంది. అందుకే ముందుగా ఇది చెప్పాలి: ఇద్దరూ నిజాయితీపరులు.

మొదటిరోజు సమీనా పాపక్క ముంజేతికి పదహారు లోహపు బిళ్లలున్న పట్టీ తొడిగింది. ఎదురుగా తెరమీద పదహారు గీతలు నిశ్చలంగా పరుచుకున్నాయి.

"పిడికిలి బిగించండి పాపక్కా."

"యే పిడికిలి మా? లేనిదా?"

"లేనిదే."

పాపక్క కళ్లు మూసుకుని లేని పిడికిలి బిగించింది. పదహారు గీతలూ ఒక్కసారి ఎగిసిపడ్డాయి. ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. గీతలు పడుకున్నాయి. మళ్లీ బిగించింది. మళ్లీ లేచాయి. వేళ్లు పోయినా వాటిని నడిపే కండలు ముంజేతిలోనే ఉన్నాయి. మెదడు పంపిన ఆజ్ఞ వెన్నుపాము మీదుగా వాటి దాకా వస్తూనే ఉంది, వచ్చి అక్కడ ఆగిపోతోంది.

"ఇదంతా నాదేనా?"

"మీదే."

"అంటే నాలుగున్నరేళ్లుగా దానికి పని చెప్తానే ఉండానా నేను? అది వింటానే ఉండాదా?"

సమీనా తలూపింది. పాపక్క ఆ పూట నూటపది సార్లు పిడికిలి బిగించింది. ఆపమన్నా ఆపలేదు. పక్కగదిలోని వాళ్లను పిలిచి చూపించింది. టీ ఇవ్వడానికి వచ్చినావిడకు చూపించింది. "చూడు, ఇది చూపుడువేలు. ఇది చిటికెనవేలు. ఒక్కోటి ఒక్కో మాదిరి కొట్టుకుంటాండాది చూడు!" అంటూ పోయిన వేళ్లను ఒక్కొక్కటిగా పరిచయం చేసింది.

తరవాతి ఎనిమిది నెలలు కప్పుల నెలలు. బల్లమీద పేపరు కప్పు. పాపక్క పట్టుకో అని అనుకోవాలి, చేయి పట్టుకోవాలి. అనుకోవడానికీ కదలడానికీ మధ్య ఆలస్యం నాలుగువందల నలభై మిల్లీసెకన్లు, అంటే అరసెకనుకు కొంచెం తక్కువ. సంకేతాన్ని పోగుచేయడానికి కొంత, అర్థం చేసుకోవడానికి కొంత, మోటారు తిరగడానికి కొంత. వినడానికి చిన్న అంకె. బల్లమీద అదే రాక్షసి. పాపక్క పట్టుకో అనుకుంటుంది, చేయి కదలదు. గట్టిగా అనుకుంటుంది. అప్పుడు మొదటి ఆజ్ఞ, దాని వెనకే రెండోదీ వచ్చి పడి కప్పు నలిగిపోతుంది. వదులు అనుకుంటుంది. ఇంకా నలుగుతూనే ఉంటుంది. ఇంకా గట్టిగా వదులు అనుకుంటుంది. చేయి విరగబడి తెరుచుకుంటుంది, కప్పు నేలమీద. తెరుచుకోవడం, మూసుకోవడం, తెరుచుకోవడం: బోనులో పడ్డ పీతలా కొట్టుకునేది.

"ఇది చెయ్యి కాదప్పా, మా షెడ్డులో ప్రెస్సే" అంది పాపక్క. "అదీ ఇట్లనే. మాట లేటుగా వినేది."

గిరిధర్ చేతి వేగం తగ్గించాడు. కొట్టుకోవడం ఆగింది. కానీ కప్పు పట్టుకోవడానికి నాలుగు సెకన్లు పట్టింది.

"పాపక్క గారూ, ఇప్పుడు చాలా స్టేబుల్‌గా ఉందండీ."

"గారు గీరు వద్దప్పా. స్టేబులే, ఒప్పుకున్నా. దీంతో నేను పూలు కట్టేలోపల పూలు వాడిపోతాయి."

ఆమె వచ్చింది అందుకోసం. మొదటిరోజే చెప్పింది: కప్పు పట్టుకోవడానికి నాకు ఎడమచేయి చాలు, పూలు కట్టడానికి రెండు కావాలి. సంస్థ కాగితాల్లో ఆ కోరిక ఎక్కడా నమోదు కాలేదు.

ప్రయోగానికి ఒక నియమావళి ఉండేది. పాల్గొనే వ్యక్తి మౌనంగా ఉండాలి. చూపు చేతి మీదే ఉండాలి. మాట్లాడితే, పక్కకు చూస్తే, ఆ పూట లెక్కలోకి రాదు. దాన్ని పక్కన పెట్టడానికి కంప్యూటరులో ఒక మీట ఉండేది. కారణం అన్న గడిలో ముందే రాసిపెట్టిన వాక్యం: పాల్గొన్న వ్యక్తికి ధ్యాస లేదు. పాపక్క మాటకారి. ఎనిమిది నెలల్లో నూట నలభై మూడు పూటలు జరిగితే, అందులో అరవై ఒక్క పూటలు ఆ గడిలోకి పోయాయి. హెబ్బగోడి నివేదిక రాసినవాడికీ ఈ మీట తయారుచేసినవాళ్లకీ పరిచయం లేదు. వాక్యం మాత్రం ఒకటే.

సెప్టెంబరు నెలలో ఒక ఉదయం ఆదినారాయణప్ప చెల్లెల్ని వెతుక్కుంటూ వచ్చాడు. చేమంతి బుట్ట భుజాన ఉంది. లోపలికి రానివ్వరని సెక్యూరిటీ చెప్పాడు. ఆయన సెక్యూరిటీ కుర్చీలోనే కూర్చున్నాడు. చివరికి సమీనానే వెళ్లి లోపలికి తీసుకొచ్చింది. పాపక్క అప్పుడే ఒక వరస కప్పులు నలిపి అలిసిపోయి ఉంది. చేయి ఇంకా తగిలించే ఉంది. ఇంజనీర్లు విరామం తీసుకున్నారు. టీ వచ్చింది.

"ఏమే, ఇంట్లో తాళంచెవి నీకాడ ఉండాది, నువ్వేమో ఇక్కడ ఏసీలో ఉండావు" అన్నాడు అన్న.

"కిటికీ సందులో పెట్టినానని చెప్పినా కదన్నా."

"ఏ కిటికీ? మన ఇంటికి మూడు ఉండాయి."

"ముప్పై ఏళ్లుగా యాడ పెడతామో ఆడనే! నీకు వదిన చెప్తేనే వినపడతాది, నేను చెప్తే చెవుల్లో చేమంతి పెట్టుకుంటావు. పట్టు, టీ చల్లారతాండాది."

పట్టు అంటూ ఆమె టీ గ్లాసు తీసి అన్న చేతికిచ్చింది.

కుడిచేత్తో తీసి ఇచ్చింది. గాజు గ్లాసు, అంచుదాకా టీ, చుక్క ఒలకలేదు. గిరిధర్ నోట్లో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. సమీనా లేచి నిలబడింది. ఆదినారాయణప్ప ఒక గుక్క తాగి "చక్కెర లేదే" అన్నాడు. ఆ గదిలో ఏం జరిగిందో తెలియనిది ఆ అన్నాచెల్లెళ్లకే.

"పాపక్కా, మళ్లీ చేయండి! ఇప్పుడు చేసిందే!"

"ఏం చేసినా మా?"

ఏం చేసిందో చెప్పారు. పాపక్క చేతివంక చూసింది. ఊపిరి బిగబట్టి, చూపు నిలిపి, ఇంకో గ్లాసు కోసం చేయి చాపింది. చేయి వణికింది, గ్లాసు పక్కకు ఒరిగింది, టీ బల్లంతా పారింది.

"నేను చూసినా, అందుకే చెడింది" అంది ఆమె వెంటనే, తుడవడానికి గుడ్డ వెతుక్కుంటూ. "పూలు కట్టేటప్పుడు చేతిని చూస్తే ముడి జారతాది. కన్ను తరవాతి పువ్వు మీద ఉండల్ల. నోరు గిరాకీ మీద ఉండల్ల. చెయ్యి దాని పాటికి అది వస్తాది వెనకాల. ఏం అన్నా?"

"అంతే కదా. చేతిని చూసుకుంటా కట్టేవాళ్లు కొత్తోళ్లు" అన్నాడు ఆదినారాయణప్ప, అందరికీ తెలిసిన సంగతి ఎందుకు అడుగుతున్నారో అర్థం కాక.

సమీనా కంప్యూటరు దగ్గరికి పరుగెత్తింది. నడవలేదు, పరుగెత్తింది. పక్కన పెట్టిన అరవై ఒక్క పూటలనూ తెరిచింది. అవి చెరిగిపోలేదు, ఎవరూ చూడలేదు, అంతే. లెక్క తీసేసరికి ఒంటిగంట దాటింది. మౌనంగా, చేతినే చూస్తూ చేసిన పూటల్లో వంద కప్పులకు ముప్పై ఎనిమిది నిలిచాయి. ధ్యాస లేదని పక్కన పెట్టిన పూటల్లో ఎనభై ఒకటి.

"గిరీ, ఈ సిగ్నల్స్ చూడు" అంది సమీనా. "మనం ఉంచుకున్నవి చూడు, మనం పారేసినవి చూడు."

ఉంచుకున్న పూటల్లో గీతలు చిక్కుపడిన దారంలా ఉన్నాయి: ఆజ్ఞ, దానిమీద అనుమానం, అనుమానం మీద దిద్దుబాటు, అన్నీ ఒకదానిమీద ఒకటి. పారేసిన పూటల్లో ఒక్కటే ఎత్తు, పొట్టిగా, శుభ్రంగా, ఒక్కసారే లేచి పడుకుంది. తరవాతి పువ్వు మీద కన్నున్న మనిషి చేతికి ఒక్కసారే చెప్తుంది. చెప్పి మరిచిపోతుంది. ఎనిమిది నెలలుగా వాళ్లు ఆమెకు నేర్పింది అనుమానించడం. ఆమెకు వచ్చినదాన్ని చెత్తబుట్టలో వేశారు.

"మేం తప్పు చేశామండీ" అన్నాడు గిరిధర్. పాపక్కకు ఎదురుగా కుర్చీ లాక్కుని అన్నాడు. "చేతికి చూపుతో కాపలా పెట్టాం. చూపు చెప్పేది అరసెకను కిందటి సంగతి. పాత వార్త విని కొత్త ఆజ్ఞ ఇస్తున్నారు మీరు, మేం ఇవ్వమన్నందుకు."

"సోలార్ నల్లి మాదిరి" అంది పాపక్క.

"ఏం నల్లి?"

"మిద్దె మీద నీళ్లు కాచే సోలార్ ఉంటాది కదప్పా. కింద నల్లి తిప్పితే ముందు పైపులో ఉండే చల్లనీళ్లు వస్తాయి. కొత్తగా అద్దెకొచ్చినోళ్లు వేడి రాలేదని ఇంకా తిప్పతారు, ఇంకా తిప్పతారు, తరవాత కాల్చుకుని అరుస్తారు. ఇంటోళ్లు ఒకసారి తిప్పి సుమ్నే, ఊరికే నిలబడతారు. పైపులో ఏముండాదో వాళ్లకు తెలుసు. నీ చెయ్యి కొత్తగా అద్దెకొచ్చింది. దానికి పైపులో ఏముండాదో తెలియదు."

గిరిధర్ ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తారీఖు వేశాడు. ఆ పుస్తకం ఉంది.

ఇక్కడ కచ్చితంగా ఉండాలి. ఆలస్యం ఉన్న వ్యవస్థను ఎలా నడపాలన్నది కొత్త ప్రశ్న కాదు. పొడవాటి గొట్టాలున్న కర్మాగారాల కోసం ఇంజనీర్లు దశాబ్దాల కిందటే ఒక ఉపాయం వాడారు: యంత్రానికి ఒక లెక్కల నమూనా తయారుచేసి, ఆజ్ఞ ఇచ్చిన క్షణాన ఆ నమూనాను కదిలించి, దారిలో ఉన్న ఆజ్ఞలను కూడా లెక్కలోకి తీసుకోవడం. ఆ ఉపాయాన్ని పాపక్క కనిపెట్టిందని ఎవరూ అనడం లేదు. గిరిధర్ దాన్ని అంతకుముందే రెండుసార్లు ప్రయత్నించాడు కూడా. రెండుసార్లూ చెడింది. వచ్చే ఆజ్ఞే చిక్కుగా ఉంటే ఏ నమూనా దేన్ని ఊహించగలదు? ఆలస్యం యంత్రంలో ఎంత ఉందో, మనిషిని భయపెట్టి యంత్రం వైపే చూడమన్న నియమంలో అంతకంటే ఎక్కువ ఉందని చూపించింది పాపక్క. చూపించడానికి ఆమె వాడిన సాక్ష్యం అరవై ఒక్క పూటల సొంత నరాల సంకేతాలు.

ఆ తరవాతి ఆరు వారాలు ఆ ప్రయోగశాల తిరునాళ్లలా ఉంది. నియమావళిని తలకిందులు చేశారు. మౌనం రద్దు. చేతికి తెల్లగుడ్డ కప్పారు, కనబడకుండా. పాపక్క మాట్లాడాలి, ఎంతైనా, దేని గురించైనా. ఆమె మాట్లాడింది. వదిన గురించి, మెట్రో మెట్ల గురించి, కనకాంబరాల్లో కల్తీ గురించి. సమీనా డీకోడరును ఆ శుభ్రమైన సంకేతాల మీద కొత్తగా నేర్పించింది. సంకేతం పూర్తిగా లేవకముందే, మొదటి కొస చూసి, ఇది పిడికిలా చిటికెనవేలా అని చెప్పగలిగింది డీకోడర్. నాలుగువందల నలభై మిల్లీసెకన్లు మూడువందల ఇరవై అయింది. మిగిలిన మూడువందల ఇరవైనీ గిరిధర్ నమూనా మింగేసింది. అసలు చేయి ఎక్కడికి చేరబోతోందో అది ముందే లెక్కగట్టి, తేడా వచ్చినంత మేరకే దిద్దింది. అక్టోబరు చివర్లో వంద కప్పులు పెడితే తొంభై ఆరు నిలిచాయి.

"మిగిలిన నాలుగు?" అని అడిగింది సమీనా.

"నీ కప్పులే పల్చన మా" అంది పాపక్క.

నవంబరు పద్నాలుగున ఆదినారాయణప్ప కాకడామల్లె మొగ్గలు తెచ్చాడు. ఎడమచేతి బొటనవేలి కింద రెండు మొగ్గలు ఇటు, రెండు అటు. కుడిచేయి దారం పట్టుకుని, చుట్టు తిప్పి, కాడల కిందనుంచి దూర్చి లాగాలి. మొదటి ముడికి కాడలు తెగాయి. రెండోదానికీ తెగాయి.

"పడుచుపిల్ల చెంప గిల్లినట్టు లాగల్ల, బండ లాగినట్టు కాదు" అన్నాడు అన్న.

"నువ్వు నోరు మూసుకో... వద్దు వద్దు, మాట్లాడు! మాట్లాడతానే ఉండు!"

ఆయన మాట్లాడాడు. చెల్లెలు ఎదురు మాట్లాడింది. చిన్నప్పుడు ఎవరు ఎవరి పలక పగలగొట్టారన్న దగ్గర గొడవ ముదిరింది. ఆ గొడవ మధ్యలో మూడో ముడి పడింది. నాలుగోది పడింది. పదో ముడి దగ్గర పాపక్క మాట ఆగింది. కిందకు చూసింది. ఒళ్లో జానెడు మాల ఉంది.

ఆమె అరిచిన అరుపుకు సెక్యూరిటీ పరుగెత్తుకొచ్చాడు. సమీనా ఏడుస్తూ నవ్వుతోంది. గిరిధర్ అంకెలు చెప్తూ బల్లచుట్టూ తిరుగుతున్నాడు, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా. పాపక్క ఆ జానెడు మాలను కుడిచేత్తోనే ఎత్తి సమీనా జడలో పెట్టింది.

నిరుడు, రెండువేల ఇరవై నాలుగు జులైలో, చేతిని ఇంటికి తీసుకువెళ్లడానికి సంస్థ అనుమతి ఇచ్చింది. చేయి పోయిన ఆరేళ్లకు పాపక్క కాడుగోడి సంతలో తన చోట కూర్చుంది. వరమహాలక్ష్మి పండగ ముందురోజు పొద్దున ఆరునుంచి మధ్యాహ్నం రెండు దాకా పంతొమ్మిది మూరలు కట్టింది. ప్రెస్ మీదికి పోకముందు ముప్పై కట్టేది. పంతొమ్మిది! పక్కన టీ అమ్మే నాగప్ప పని వదిలేసి నిలబడి చూశాడు.

"పాపక్కా, మిషన్ చేత్తో కట్టిన పూలు దేవుడు ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోకపోతే నువ్వు పెట్టుకోప్పా, నీ బోడిగుండుకి."

సంత నవ్వింది. ఆ నవ్వులో, ఆ రద్దీలో, నిమిషానికి ఇద్దరు గిరాకీల మధ్య, ఆ చేయి ఒక్క ముడి కూడా జారవిడవలేదు. సంకేత సంస్థ సర్వరులో ఆ రోజు ఎనిమిది గంటల సంకేతాలు నమోదయ్యాయి. ప్రయోగశాలలో అలాంటి రోజును ఎవరూ తయారుచేయలేరు. ఆ చేయి వారానికోసారి సర్వరుతో మాట్లాడాలి, లేకపోతే నిద్రపోతుంది. అలా వారం వారం మాట్లాడుతూ ఏడు నెలల సంత మొత్తాన్నీ సంస్థకు చేరవేసింది.

ఫిబ్రవరి ఇరవైన ఒక పేజీ ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో. అధ్యయనం అన్ని లక్ష్యాలనూ సాధించి విజయవంతంగా ముగిసిందని, పరికరాన్ని రెండు వారాల్లో అప్పగించాలని. కృత్రిమ హస్తాల విభాగాన్ని మూసేస్తున్నారని, అదే పద్ధతిని ఇకమీద దూరం నుంచి నడిపే యంత్రాలకు వాడతారని సమీనా ద్వారా తెలిసింది. పేటెంటు దరఖాస్తు అప్పటికే వేశారు. దాని శీర్షికలో 'సహజ సంభాషణ మధ్య సేకరించిన సంకేతాలు' అన్న మాటలు ఉన్నాయి. ఎవరి సంభాషణో లేదు. లోపల ఒకచోట పీ-ఏడు అని ఉంది. పీ-ఏడు అంటే అధ్యయనంలో పాల్గొన్న ఏడుగురిలో ఏడో మనిషి, పాపక్క.

సమీనా అభ్యంతరం రాసి పంపింది. జవాబు రాలేదు. మార్చి ఆరున చేతిని విప్పే పని ఆమెకే అప్పజెప్పారు. పట్టీ ఊడదీయడానికి ఆమె వేళ్లు సాగలేదు.

"తియ్యి మా" అంది పాపక్క. "నీ చేతులేం చేస్తాయి, చెప్పిన పని చేస్తాయి."

తరవాత ఆమె ఒక ప్రశ్న అడిగింది, పెట్టె మూస్తున్న అధికారిని. "సార్, ఇది ఇంకొకరికి పనికొస్తాదా?"

"లేదమ్మా. ఇది మీ సిగ్నల్స్‌కే సెట్ అయింది. ఇంకెవరికీ పనికిరాదు."

"మరి యాల తీసుకుంటాండారు?"

ఆయన పెట్టె మీద అంకె అంటించాడు.

ఇప్పుడు పాపక్క సంతలో ఎడమచేత్తో పూలు విడదీసి అన్నకు అందిస్తోంది. కట్టడం లేదు. మాట్లాడటం కూడా తగ్గిందని నాగప్ప చెప్పాడు.

సంకేత న్యూరో సిస్టమ్స్ డైరెక్టర్లకూ, ఈ అధ్యయనానికి అనుమతి ఇచ్చిన నైతిక కమిటీ సభ్యులకూ:

మీ సంతకాలున్న కాగితాలన్నీ చదివాం. తొమ్మిదో పేజీ చదివాం. తనకు రాని భాషలో, మామూలు రూల్స్ అని చెప్పి తీసుకున్న వేలిముద్రను సమ్మతి అని పిలవకండి. పరిశోధన ఫలితంలో పాల్గొన్నవారికి వాటా ఉండాలన్న మాట ఈ దేశపు వైద్య పరిశోధన మార్గదర్శకాల్లో ఉంది. కమిటీలో కూర్చునేటప్పుడు మీరు దాన్ని చదివే కూర్చున్నారు. పాపక్కను ఒకసారి ఒక షెడ్డు ధ్యాస లేనిదన్నది. మీరు అరవై ఒక్కసార్లు అన్నారు. ఆ అరవై ఒక్క పూటల మీద పేటెంటు అడుగుతున్న రోజున ఆ మాటను వెనక్కి తీసుకోండి, రాతపూర్వకంగా.

ఇంకెవరికీ పనికిరాదని మీ అధికారే ఒప్పుకున్న ఆ చేతిని బయటికి తీయండి. సర్వరు పిలుపు లేకుండా నడిచేలా దాని తాళం విప్పండి. అది చెడితే బాగుచేయడానికి కావలసిన వివరాలు, ఆమె సంకేతాల పూర్తి ప్రతి, దానితో పాటు ఇవ్వండి. దరఖాస్తులో పీ-ఏడు ఉన్న చోట ఆమె పేరు రాయండి. మిగతా ఆరుగురి చేతుల విషయంలోనూ ఇదే చేయండి. ఈరోజు నుంచి పదిహేను రోజులు.

ఆమెను మళ్లీ వైట్‌ఫీల్డ్‌కు పిలిపించకండి. కాడుగోడి సంతలో, ఆదినారాయణప్ప పూలబుట్టల పక్కన, ఆమె పొద్దున ఆరునుంచి ఉంటుంది. పెట్టె అక్కడికి తెండి. ముట్టినట్టు రసీదు తెలుగులోనో కన్నడంలోనో రాసుకుని తెండి. చేయి తగిలించాక ఆమె చదివి సంతకం చేస్తుంది.